మేడ మీది ఎర్రచుక్క

సాయంత్రం ఆరున్నరకు స్టూడియో వెనక మెట్ల మీద చుక్కల బాబాయ్ చనిపోయాడు. ఆయన దిద్దిన ఆఖరి ఫొటో అప్పటికి ప్రింటై బల్ల మీద ఆరుతోంది.

ఆ ఉదయం రోజూలాగే తల మీంచి నల్లగుడ్డ కప్పుకుని కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. గదిలో వెలుతురు పడితే తెర మీది నలుపు నలుపుగా కనిపించదు. రాత్రి ఆకాశం ఫొటోలు ఆయన వంతు. కంటికి ఆనని చుక్కలను కూడా కెమెరా పట్టుకొస్తుంది. వాటిని తగ్గించాలి. నడినెత్తిన నలుపు, ఇళ్ల దగ్గరికి వచ్చేసరికి బూడిదరంగు మిగలాలి.

"కాస్త ఊదారంగు పడనీ బాబాయ్. జనానికి నచ్చేది అదే," అంది స్టూడియో నడిపే అన్న కూతురు.

"ఊదా వంకాయకి బాగుంటుందమ్మా. ఈవిడ అడిగింది వాళ్ల మేడ మీది ఆకాశం," గుడ్డలోంచి జవాబొచ్చింది.

ఫొటో ఇచ్చినావిడ భర్త ఆ సాయంత్రం ఆసుపత్రి నుంచి ఇంటికి వస్తున్నాడు. ఇక మంచం దిగడని డాక్టర్లు చెప్పారు. మంచమున్న గదికి కిటికీ లేదు. ఆయనే తీసిన ఫొటో ఎదురు గోడకు తగిలించాలని ఆవిడ కోరిక.

మధ్యాహ్నం బాబాయ్‌కి భార్య ఫోన్ చేసింది.

"పొద్దున గుండెల్లో పట్టేసినట్టుందన్నారు. చూపించుకున్నారా?"

"ఈ ఒక్కటీ ఇచ్చేసి వెళ్తా."

"ఆకాశంలో చుక్కలన్నీ కనిపిస్తాయి మీకు. ఇంట్లో ఉప్పు నిండుకుంటే కనిపించదు."

నవ్వి ఫోన్ పెట్టేశాడు. భోజనం చేసి వీధి చివరిదాకా వెళ్లొచ్చాడు.

నాలుగు దాటాక ఆవిడ వచ్చింది. తెరకేసి చూసింది.

"అంతా మా ఆకాశమే అన్నయ్యగారూ. ఈ మూల దీపమేదీ?"

బాబాయ్ కళ్లద్దాలు పైకి తోసుకున్నాడు. కెమెరా వేడెక్కితే ఫొటోలో అక్కడక్కడా ఎర్రచుక్కలు పడతాయి. ఎన్నో ఏళ్లుగా వాటిని చూడగానే చెరిపేస్తున్నాడు. దీన్నీ అలాగే చెరిపేశాడు.

"నీళ్ల ట్యాంకు మీది దీపమండీ అది. బల్బు మాడితే ఎక్కి మార్చేది మా ఆయనే. అది లేకపోతే వేరేవాళ్ల మేడ అంటారు, మొహం తిప్పేసుకుంటారు."

"పొరపాటు నాదేనమ్మా. ఎంతుంటుంది కంటికి?"

"దానిమ్మ గింజంత. పొగమంచులో అదీ ఉండదు."

ఆసుపత్రికి వేళవుతోందని ఆవిడ వెళ్లిపోయింది. ఆయన మళ్లీ గుడ్డ కప్పుకున్నాడు. అసలు ఫొటో తెరిచి దీపాన్ని వెనక్కి తెచ్చాడు. కెమెరాలో అది నిప్పుకణికలా ఉంది. తగ్గించాడు. మరీ తగ్గిందనిపించి కొంచెం పెంచాడు. ప్రింటు వచ్చాక గుడ్డ మడిచి పెట్టాడు.

"ఆరనీ. చీకటి పడ్డాక బయట ఒకసారి చూసుకుని ఇస్తా," అని వెనక మెట్ల మీదికి వెళ్లాడు.

అన్న కూతురు టీ పట్టుకెళ్లేసరికి తల గోడకు ఆనించి ఉంది. టీ కింద పెట్టి రెండుసార్లు పిలిచింది.

దహనం అయిన మర్నాడు ఆమే ఫొటో తీసుకెళ్లింది. మంచం మీదాయన చాలాసేపు చూశాడు. దగ్గరికి పట్టమని సైగచేసి మూల మీద వేలు పెట్టాడు.

"వెలుగుతోందే," అన్నాడు భార్యతో. "ఎవరు మార్చారు?"

అక్కణ్నుంచి అన్న కూతురు స్టూడియోకి వచ్చి బాబాయ్ గది తలుపు తీసింది. కంప్యూటర్ పక్కన, మడిచిన నల్లగుడ్డ మీద ఉప్పు ప్యాకెట్ ఉంది.