పుట తలమీది పేరు

పొద్దున్నే ఆఫీసులో మగవాళ్ళందరికీ టీ ఇచ్చి, ఖాళీ కప్పులు కడిగిపెట్టాకే హిసయోకి తన బల్ల ముందు కూర్చునే తీరిక దొరికేది.

కందా పేటలోని ఆ కంప్యూటర్ పత్రికలో ప్రతి నెలా ఆటల ప్రోగ్రాములు అచ్చయ్యేవి. పాఠకులు వాటిని చూసి ఇంట్లో అక్షరం అక్షరం టైపు చేసుకోవాలి. ఒక్క చుక్క తప్పినా ఆట ఆడదు. ఆ వరుసలేమో చీమల బారుల్లా ఉండేవి. తిట్టుకుంటూ ఫోన్ చేసే పాఠకులకి సమాధానం చెప్పే పని హిసయోదే. అందుకని, ఆదివారాలు భర్త తత్సురో గోల్ఫ్‌కి పోయాక, వంటింటి బల్లమీద తన కంప్యూటర్ పెట్టుకుని ఆమే ఒక ప్రోగ్రాము రాసింది. ఎవరు రాసిన ప్రోగ్రామునైనా అది చూడముచ్చటగా అచ్చువేస్తుంది. ఒకదాంట్లో ఒకటి ఇమిడిన భాగాలు మెట్లుమెట్లుగా లోపలికి జరుగుతాయి. ముఖ్యమైన మాటలు ముదురుగా పడతాయి. ప్రతి పుట తలమీదా రాసినవాళ్ళ పేరుంటుంది.

"ఎవరో కుట్టిన చొక్కాకి ఇస్త్రీ చేస్తున్నావన్నమాట" అన్నాడు తత్సురో. తవుడులో ఊరేసిన ముల్లంగి రోజూ కలిపే దిక్కులేక పాడైపోతోందనీ, కోడలికి మాత్రం అక్షరాలు సర్దడానికి తీరికుందనీ అత్తగారు వచ్చిన ప్రతివాళ్ళతోనూ చెప్పింది. సంపాదకుడు కువహారా అయితే మెచ్చుకున్నాడు కూడా, పూలు సర్దినట్టు సర్దావమ్మా, ఆడవాళ్ళ చెయ్యి తెలిసిపోతోంది అని. హిసయో నవ్వి ఊరుకుంది. పొడుగాటి వరుసని ఎక్కడ విరవాలో తెలియాలంటే ముందు ఆ వరుస ఏం చెబుతోందో అర్థం కావాలి. ఆ సంగతి ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఆ చలికాలం కువహారా ఆ ప్రోగ్రామునే పుస్తకంగా వేద్దామన్నాడు. పుటల మీద ఆమె పేరు తీసేసి తన పేరు పెట్టి అచ్చు తీసిమ్మని ఆమెకే పురమాయించాడు.

"చూడమ్మా, ఆడవాళ్ళ పేరుంటే వంటల పుస్తకం అనుకుంటారు. నీకు మంచి కేకు కొనిపెడతాలే."

ఈసారి ఆమెకి నవ్వు రాలేదు. "నేను రాశాను. నా పేరే ఉంటుంది" అంది. గదిలో టైపు చప్పుడు ఆగిపోయింది. కువహారా ఆమెతో వాదించలేదు. నేరుగా ఆమె భర్త పనిచేసే ఆఫీసుకి ఫోన్ చేశాడు.

సాయంత్రం భోజనాల దగ్గర తత్సురో, ఆమె తరఫున తానే క్షమాపణ చెప్పేశానన్నాడు. చేప ముల్లు తీసుకుంటూ తాపీగా అడిగాడు. "అయినా ఈ గొడవంతా దేనికి? హిరబయాషి మా ఇంటిపేరు. అది పుస్తకంలో ఉంటే ఎంత, పోతే ఎంత? అందులో నీదేముంది?"

హిసయో పులుసు గిన్నె అతని వైపు జరిపింది. దారికొచ్చిందనుకుని అతను రెండోసారి అన్నం వడ్డించుకున్నాడు. ఆమె మాత్రం ఆ మాట దగ్గరే ఆగిపోయింది. నిజమే కదా. పెళ్ళయిన ఏడాది తిరక్కుండానే తన పుట్టింటి పేరుతో ఎవరన్నా పిలిస్తే వెంటనే పలకడం మరిచిపోయింది. బ్యాంకులో, ఆసుపత్రిలో, ఆఫీసులో ఇన్నేళ్ళూ తలతిప్పింది అతని ఇంటిపేరుకి. ఇవాళ అంతమంది ముందు పట్టుబట్టింది కూడా దానికోసమే. అతను కించపరచడానికే అన్నాడు. కానీ అబద్ధం అనలేదు.

మర్నాడు ఆఫీసుకి వెళ్ళి, టీ జోలికి పోకుండా, పై వరుస ఒక్కటీ మార్చి పుటలన్నీ మళ్ళీ అచ్చు తీసింది. యంత్రం కీచుమంటుంటే అందరూ తలలెత్తి చూశారు. కట్ట తెచ్చి కువహారా ముందు పెట్టింది.

"ఈ మినెగిషి హిసయో ఎవరు?"

"నేనే. పుట్టిన దగ్గర్నుంచీ నేనే. ఆ ప్రోగ్రాము నా ఇంట్లో, నా కంప్యూటర్ మీద రాసుకున్నది. ఈ పేరుతో అయితే వేయండి. వద్దంటే అదీ నేనూ కలిసే బయటికి పోతాం."

అతని చెయ్యి ఫోన్ మీదికి పోయింది.

"ఎవరికి చేస్తారు?" అంది హిసయో. "మినెగిషి హిసయోకి మొగుడు లేడు. ఏమన్నా ఉంటే నాతోనే మాట్లాడాలి."

కువహారా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆ మధ్యాహ్నమే కట్ట అచ్చుకి వెళ్ళింది.