'క' మింగేసిన ఇయర్‌ఫోన్

వీధి మొత్తానికి ఆవిడ కుట్టుపిన్ని. మెట్ల కింది గదిలో మిషను, దాని పక్కన ఇస్త్రీ బల్ల, మిగిలిన కాస్త జాగాలో ఆవిడ. మిషనుకి మోటారు పెట్టించుకున్నాక కాళ్లకి సుఖం వచ్చింది గానీ చెవులకి కష్టం వచ్చిపడింది. ఆ రొదలో ఫోన్లో ఎవరేం చెప్పినా వినపడి చావదు. అందుకని మొగుడు చెవుల్లో దూర్చుకునే ఇయర్‌ఫోన్లు పట్టుకొచ్చాడు. తోపుడుబండి మీద కుప్ప పోసి అమ్ముతుంటే ఏరి మరీ తెచ్చాడట.

"బేస్ విను. గుండెల్లో కొడుతుంది," అన్నాడు.

"గుండెల్లో కొట్టడానికి నువ్వున్నావు కదయ్యా. నాకు చెవిలో మాట పడితే చాలు."

పాటలైతే ధబధబా బానే మోగాయి. మనిషి మాట్లాడితేనే వచ్చింది తంటా. ఎవరైనా సరే బిందెలో తల దూర్చి మాట్లాడినట్టే. 'స' అంటే ఈల వినపడుతుంది, 'క' అంటే అదీ వినపడదు. మాట మొదలూ చివరా పట్టుకుని, నడుమది పిన్నే అతుకు వేసుకునేది. అదేంటయ్యా అంటే, "నీ చెవుల్లో గుబిలి," అనేవాడు మొగుడు.

ఓ రోజు టీచరమ్మ కోటు పంపింది. ఆవిడ నోటిమాట మీదే బడిలో వాళ్ల బట్టలన్నీ పిన్ని గదికొస్తాయి. పొడుగు చేతుల ఉన్ని కోటు, లోపల నున్నటి లైనింగు. వెనకాలే వాయిస్ మెసేజీ. పిన్ని మిషను ఆపకుండానే విన్నది.

"పిన్నీ, ఇది మా బోడి కోటు. చేతులు పొడుగయ్యాయి. కత్తిరించు. లోపలికి మడిచి కుట్టు. సాయంత్రం మీటింగుకి వేసుకోవాలి."

ఇంత మంచి ఉన్నిని పట్టుకుని బోడి అంటుందేంటి అనుకుంది పిన్ని. అడుగుదామని ఫోను తీసింది కూడా. పని మీద పని, మళ్లీ పక్కన పడేసింది. కత్తెర పట్టి రెండు చేతుల చివర్లూ కోసి, అంచు సన్నగా మడిచి కుట్టేసింది.

సాయంత్రం టీచరమ్మ వచ్చి తొడుక్కుంది. చేతులు సరిగ్గా మణికట్టు దగ్గర ఆగాయి. మురిసిపోతూ అంచు తడిమి చూసి, మొహం మార్చింది.

"పిన్నీ, లోపల మడత ఏదీ?"

"మడతేంటమ్మా, కోసేశాగా."

టీచరమ్మ ఇస్త్రీ బల్ల మీద కూలబడింది. "కత్తిరించకు అన్నాను కదా."

"కత్తిరించు అన్నావు తల్లీ."

ఇయర్‌ఫోను పీకేసి, మిషను ఆపి, మెసేజీ పైకి వినపడేలా పెట్టారు. "పిన్నీ, ఇది మా తోడికోడలి కోటు. చేతులు పొడుగయ్యాయి. కత్తిరించకు." అక్షరం అక్షరం స్పష్టంగా పలికింది. టీచరమ్మ ఇయర్‌ఫోను పెట్టుకుని మళ్లీ విన్నది. ఆవిడ గొంతే ఆవిడ చెవిలో, బోడి కోటు, కత్తిరించు అంది.

అప్పుడే వచ్చిన మొగుడు కూడా చెవిలో పెట్టుకుని, తల ఊపుతూ విన్నాడు. "బానే ఉందే. కాస్త 'క' తగ్గిందంతే."

"ఆ 'క' తోనే కదయ్యా నా కొంప మునిగింది. చెయ్యమనడానికీ చెయ్యొద్దనడానికీ మధ్య ఉన్నదంతా అదే."

"పాటల్లో అయితే..."

"పాటలు కుడుతున్నానా నేను?"

"మా తోడికోడలి సంగతి మీకు తెలీదు," అంది టీచరమ్మ నీరసంగా. "కాపురానికొచ్చిన కొత్తలో ఆవిడ చెంబు ఒకటి సొట్ట పెట్టాను. ఇప్పటికీ చుట్టాలొస్తే నీళ్లు ఆ చెంబుతోనే ఇస్తుంది, సొట్ట వాళ్ల వైపు తిప్పి మరీ."

పిన్ని చెత్తలోంచి కోసిన ముక్కలు ఏరి అంచుకి ఆనించి చూసింది. ఉన్ని పీచులు లేచిపోయాయి. ఎంత ఒద్దికగా అతికినా అతుకు ఆమడ దూరం తెలుస్తుంది.

"ఆవిడకి ఫోను చెయ్యమ్మా. నేనే చెప్తాను. అనుమానం వచ్చి కూడా అడక్కుండా కోశాను."

స్పీకరు పెట్టి చెప్పింది, దాచకుండా.

"రెండు చేతులూనా?" అంది తోడికోడలు.

"రెండూనమ్మా. అదే ఉన్ని తెచ్చి కొత్తది కుట్టి ఇస్తాను."

"ఇది నా దగ్గర ఉంచేసుకుంటాలే అక్కా," అంది టీచరమ్మ పక్కనుంచి, బిక్కుబిక్కుమంటూ.

"ఉంచుకోక ఏం చేస్తావు? సరే. కొలతలు వాయిస్‌లో పెడతాను పిన్నీ, విని కుట్టు."

"వద్దు," అన్నారు ఇద్దరూ ఒకేసారి.

పిన్ని అప్పటికే టేపు మెళ్లో వేసుకుని, చెప్పుల్లో కాళ్లు దూరుస్తోంది. "ఇంట్లోనే ఉండు తల్లీ, నేనొస్తున్నాను. ఎదురుగా నిలబడి చెబుదువుగాని."