ఇరవై పేర్లలో లేనివాడు

ఆ ఏడాది మేం పదో స్థానంలో నిలిచాం. ఉన్నవే పది జట్లు.

ఆఖరి ఆట మర్నాడు పొద్దున మా రేవు ఊరు కున్సాన్ స్టేడియం గేటు ముందు సంతాపం పూలదండలు వరసగా నిలబెట్టి ఉన్నాయి. చావు జరిగిన ఇంటికి పంపే తెల్ల చామంతి దండలే అవి. నల్ల రిబ్బన్ల మీద మా జట్టు పేరు రాసి, కింద "ఆత్మకు శాంతి కలుగుగాక" అని రాశారు. కాపలావాడు నన్ను చూసి దగ్గరికొచ్చాడు.

"తీసెయ్యమంటారా సార్?"

"ఉండనీ. అభిమానులు డబ్బులు పెట్టి కొనుక్కొచ్చి ఏడ్చారు. ఎండిపోయేదాకా ఉండనీ."

నా పేరు టాక్ యోంగ్మూ. కున్సాన్ క్రేన్స్ బేస్‌బాల్ జట్టులో ఆటగాళ్ళ వ్యవహారాలు చూసేవాణ్ణి. ఎవర్ని తెచ్చుకోవాలి, ఎవర్ని వదులుకోవాలి అన్నది నా పని. నవంబరు మొదటివారంలో జట్టు యజమానులైన కంపెనీవాళ్ళు ఓక్ మిన్యంగ్ అనే ఆవిడను జనరల్ మేనేజర్‌గా పంపారు. నలభై రెండేళ్ళ మనిషి, గొంతు పెంచడం ఎరగదు.

"పగిలిన గోడకు సున్నం కొట్టుకుంటూ వచ్చారు ఇన్నాళ్ళూ," అంది మొదటి సమావేశంలోనే. "నేను పునాది తవ్వుతాను. మూడేళ్ళు ఓడిపోదాం. పిల్లల్ని పెంచుదాం. మీకు ఇష్టమైనవాళ్ళు వెళ్ళిపోతారు. ఓర్చుకోండి."

ఓర్చుకున్నాం. పదిరోజుల్లో మా పెద్ద బ్యాటర్ని ఇంకో జట్టుకిచ్చి, మీసాలు సరిగా మొలవని ఇద్దరు పిచర్లను, అంటే బంతి విసిరేవాళ్ళను, తెచ్చుకున్నాం. ఆట చివర్లో వచ్చి గెలుపు నిలబెట్టే మా పిచర్ కూడా వెళ్ళిపోయాడు. పేరున్నవాళ్ళలో మిగిలింది పిచర్ ప్యో కాంగ్‌సక్ ఒక్కడే.

కాంగ్‌సక్ మా ఊరివాడు. వాడి నాన్న రేవులో సరుకు దించే పని చేసేవాడు. నాకు అన్నలాంటివాడు. నేను స్కౌట్‌గా, కొత్త ఆటగాళ్ళను వెతికే తిరుగుడు ఉద్యోగంలో బడి పిల్లల ఆటలు చూసుకుంటూ బతికే రోజుల్లో ఆ ఇంట్లో ఎన్నిసార్లు భోంచేశానో నాకే గుర్తులేదు. కాంగ్‌సక్‌ను పదిహేడేళ్ళప్పుడు మా జట్టులోకి తెచ్చింది నేనే. అన్న పోయాక కూడా పిల్లలిద్దరూ నన్ను బాబాయ్ అనే పిలిచేవారు. రెండోవాడు హన్సోల్ క్యాచర్, పిచర్ విసిరే బంతి పట్టేవాడు. వాణ్ణి కూడా తీసుకుందామని ఎనిమిదేళ్ళ కింద ఎంత మొత్తుకున్నా మావాళ్ళు వినలేదు. రాజధాని సోల్ జట్టు తీసుకుని మూడో క్యాచర్‌గా బెంచీ మీద కూర్చోబెట్టింది.

పదకొండేళ్ళు మాకు ఆడాక, ఆ చలికాలం కాంగ్‌సక్‌కు ఇష్టమొచ్చిన జట్టుకు వెళ్ళే హక్కు వచ్చింది. నేను వాళ్ళింటికి వెళ్ళేసరికి వదిన డాబా మీద పాక్తే చేపల్ని ఎండబెట్టడానికి తాళ్ళకు కడుతోంది. సముద్రం మీంచి వచ్చే గాలికి ఆ పల్చటి చేపలు రెపరెపలాడుతున్నాయి. కాంగ్‌సక్ మెట్ల మీద కూర్చుని చేపలు అందిస్తున్నాడు, ఎడంచేత్తో.

"కుడిచెయ్యికి ఏమైందిరా?"

వాడు తల్లివైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "భుజం బాబాయ్. రెండేళ్ళు. మహా అయితే రెండేళ్ళు విసరగలను. ఎవరితోనూ అనకు."

"సోల్ వెళ్తున్నావని అంటున్నారు."

"వెళ్తున్నాను. డబ్బు కోసమని ఊరంతా తిడతారు, తిట్టనీ. పదకొండేళ్ళలో ఎంతమంది క్యాచర్లకో విసిరాను. వీధిలో నా బంతి మొదట పట్టినవాడికి ఒక్క ఆటలో కూడా విసరలేదు. చెయ్యి పడిపోకముందు హన్సోల్ గాడికి విసరాలి. అంతే."

"వాణ్ణి ఆడిస్తారా అక్కడ?"

"ఆడిస్తామన్నారు. నా బదులుగా మీరు ఎవర్నో ఎత్తుకుపోతారు కదా, వాణ్ణి మాత్రం వదులుకోబోమని మాట ఇచ్చారు."

వాడు చెప్పింది మా ఆటలో ఉన్న పద్ధతి. పేరున్న ఆటగాణ్ణి తీసుకున్న జట్టు తనవాళ్ళలో ఇరవైమంది పేర్లు రాసి, "వీళ్ళను ముట్టుకోవద్దు" అని మాకు పంపాలి. ఆ జాబితాలో లేనివాళ్ళలో ఒకణ్ణి మేం బదులుగా తెచ్చుకోవచ్చు. వాడి ఇష్టాయిష్టాలు ఎవరూ అడగరు.

డిసెంబరు రెండోవారంలో జాబితా వచ్చింది. మూడు రోజుల్లో తేల్చాలి. నేను ఒకసారి చదివాను, మళ్ళీ చదివాను. హన్సోల్ పేరు లేదు. మేం ఎలాగూ పిచర్నే ఎంచుకుంటామని వాళ్ళ ధీమా కాబోలు. మా స్కౌట్లు ముగ్గురూ పిచర్ పేరే రాశారు కూడా.

ఓక్ మేడమ్ కాగితాలు పక్కకు పెట్టి నావైపు తిరిగింది. "మీరు ఏమీ రాయలేదే?"

అదే రోజు పొద్దున పేపర్లో కాంగ్‌సక్ ఫొటో వచ్చింది. సోల్ జట్టు చొక్కా వేసుకుని, టోపీ సర్దుకుంటూ నవ్వుతున్నాడు. మా చొక్కాలో పదకొండేళ్ళలో వాడు అలా నవ్వగా నేను చూడలేదు.

"మన దగ్గర ఇరవయ్యేళ్ళలోపు పిచర్లు ఆరుగురున్నారు," అన్నాను చివరికి. "ఇంకో పిచర్ వచ్చి ఏం చేస్తాడు? వాళ్ళకు విసరడం నేర్పేది పట్టేవాడే. ప్యో హన్సోల్‌ను తీసుకోండి. వాడు పిచర్ ముఖం చూసి కడుపులో ఉన్నది చెబుతాడు."

"అన్న వెళ్ళిన చోటి నుంచి తమ్ముణ్ణి లాక్కొచ్చారంటారు."

"అంటారు."

"మీరు నిజంగా ఆటగాణ్ణి చూసే చెబుతున్నారా?"

"అవును," అన్నాను. అది నిజం. అదొక్కటే నిజమా అంటే ఆ రోజు నాకు తెలియదు, ఇప్పటికీ తెలియదు. పిచర్ పేరు చెప్పి ఉంటే ఎవరూ నన్ను తప్పు పట్టేవారు కాదు. పైగా ఆ భుజానికి మిగిలింది రెండేళ్ళేనని నాకొక్కడికే తెలుసు.

ప్రకటన వచ్చిన మర్నాడు మధ్యాహ్నం కాంగ్‌సక్ సోల్ నుంచి కారు నడుపుకుంటూ నేరుగా స్టేడియానికి వచ్చాడు. పార్కింగ్ స్థలంలో నా కారుకు అడ్డంగా ఆపి దిగాడు. ముఖం కందగడ్డలా ఉంది.

"ఎవరు రాశారు?"

"నేనే."

"నేనెందుకు వెళ్తున్నానో నీకు చెప్పాను కదా. నీకొక్కడికే చెప్పాను!"

"వాళ్ళు జాబితాలో పెట్టలేదు కాంగ్‌సక్. మాట తప్పింది వాళ్ళు."

"వాళ్ళు పరాయివాళ్ళు. మాట తప్పుతారు. నువ్వెవరివి? మా అమ్మ చేతి అన్నం తిన్నవాడివి." "జట్టు కోసం రాశావా, నేను వెళ్ళిపోయానన్న కసితో రాశావా?"

"తెలియదురా."

కసి లేదని అబద్ధం చెప్పినా బాగుండేదేమో. వాడు రెండు చేతులూ దగ్గర పెట్టుకుని, పరిచయం లేని పెద్దమనిషికి వంగినట్టు నడుం వంచాడు.

"ఇన్నాళ్ళూ మీరు చేసిన మేలుకు కృతజ్ఞుణ్ణి, టాక్ గారూ. ఇక సెలవు."

చెంప మీద కొట్టి ఉంటే అంత తగిలేది కాదు.

ఆ వారం వదిన దగ్గరికి వెళ్ళాను. గేటు దాటనివ్వలేదు.

"ఇద్దరూ ఒక గ్రౌండులో ఆడుతుంటే చూసి చావాలనుకున్నానయ్యా. పెద్దాణ్ణి ఆ గుమ్మంలోంచి పంపాను, నువ్వు చిన్నాణ్ణి ఈ గుమ్మంలోంచి తెచ్చావు. నీ ఆటలో మా పిల్లలు గవ్వలా?"

నేను వెనక్కి తిరిగి నాలుగడుగులు వేశానో లేదో, వీపు మీద ఏదో సన్నగా రాలింది. ఉప్పు. పీడ వదలాలని గుప్పెడు ఉప్పు నా వెనక విసిరింది.

జనవరిలో హన్సోల్ రెండు బ్యాగులు మోసుకుని వచ్చాడు. వాడు కూడా అరుస్తాడని సిద్ధపడి ఉన్నాను. అరవలేదు.

"బాబాయ్, ఒకటి చెప్తా విను. సోల్‌లో ఉన్నా అన్నయ్య బంతులు ఆటకు ముందు చెయ్యి వేడెక్కించుకునేటప్పుడే పట్టేవాణ్ణి. ఆటలో నన్ను దింపేవాళ్ళు కాదు. అన్నయ్యకు ఆ మాట చెప్పబోతే వినడు. ఇక్కడ రోజూ ఆడతాను. నాకు మంచే జరిగింది."

నేను ఊపిరి పీల్చుకున్నాను.

"అలాగని మేలు చేశాననుకోకు," అన్నాడు వెంటనే. "ఫోన్ చేసి 'ఏరా, వస్తావా' అని ఒక్క మాట అడిగావా? అన్నయ్య అడగలేదు, నువ్వూ అడగలేదు. ఇద్దరూ నన్ను గ్లవ్ లాగే చూశారు. మీలో ఎవరికి కావాలంటే వాళ్ళు తొడుక్కోవడమే."

వాడు చెప్పినట్టే ఆడాడు. పిల్ల పిచర్లు మొదట్లో వాణ్ణి చూసి దడిసేవాళ్ళు, నెల తిరిగేసరికి వాడి వెనకే తిరిగేవాళ్ళు. బంతి చేజారి బిక్కముఖం వేసినవాడి దగ్గరికి నడిచి వెళ్ళి, "నీ బంతి కంటే మా అమ్మ చేప నయంరా, తిన్నగా పోతుంది" అనేవాడు. ఆ కుర్రాడు నవ్వేవాడు, తర్వాతి బంతి తిన్నగా పడేది.

ఏప్రిల్ చివర్లో ఒక ఆదివారం మధ్యాహ్నం సోల్ జట్టు కున్సాన్ వచ్చింది. విసిరేది కాంగ్‌సక్. జనం సగం లేచి చప్పట్లు కొట్టారు, సగం కేకలేసి తిట్టారు. హన్సోల్ మొదటిసారి బ్యాటుతో వచ్చినప్పుడు హెల్మెట్ తీసి అన్నకు వంగి దండం పెట్టాడు. కాంగ్‌సక్ టోపీ అంచు ముట్టుకుని వాణ్ణి మూడు బంతుల్లో అవుట్ చేసి పంపేశాడు.

ఐదో ఇన్నింగ్స్‌లో మళ్ళీ వచ్చాడు. ఈసారి రెండో బంతినే కుడివైపు గోడకు తగిలేలా కొట్టాడు. మాకు రెండు పరుగులొచ్చాయి. స్టేడియం దద్దరిల్లింది. రెండో బేస్ మీద నిలబడ్డ హన్సోల్ మాత్రం చేతులెత్తలేదు. అన్న వీపు వైపే చూస్తున్నాడు. కాంగ్‌సక్ ఆ తర్వాత ఇంకో ముప్పై బంతులదాకా విసిరాడు.

ఆట మేమే గెలిచాం. నేను కిందికి వెళ్ళేసరికి హన్సోల్ స్నానాల గది బయట నేల మీద, కాళ్ళకు కవచాలు విప్పకుండానే కూర్చుని ఉన్నాడు.

"విసిరేటప్పుడు అన్నయ్య మోచెయ్యి కిందికి దిగిపోయింది బాబాయ్. నాలుగో ఇన్నింగ్స్ నుంచీ. నొప్పి ఉంటేనే అన్నయ్య చెయ్యి అలా దిగుతుంది. చిన్నప్పుడు కూడా అంతే."

"మన బెంచీలో ఎవరికైనా చెప్పావా?"

"లేదు. నేనొక్కణ్ణే వాడుకున్నాను. ఆ చేత్తో వేగం బంతి రాదని నాకు తెలుసు, ఏ బంతి వస్తుందో తెలుసు, కొట్టాను." ముఖం మోకాళ్ళలో పెట్టుకున్నాడు. "అవతల క్యాచర్‌గా నేను కూర్చుని ఉంటే లేచివెళ్ళి బంతి లాక్కునేవాణ్ణి. తిట్టినా, కొట్టినా లాక్కునేవాణ్ణి. వాళ్ళ క్యాచర్‌కు ఏం తెలుస్తుంది? మూణ్ణెల్ల పరిచయం."

నేను వాడి పక్కనే కూర్చున్నాను. భుజం సంగతి నవంబరులోనే తెలుసని వాడితో చెప్పాను. వాడు తలెత్తి చూశాడు. లేచి లోపలికి వెళ్ళిపోయాడు. నన్ను బాబాయ్ అనడం వాడు మానలేదు గానీ, ఆ తర్వాత పనిలేని మాట ఒక్కటీ నాతో మాట్లాడలేదు.

మే నెలలో కాంగ్‌సక్‌కు ఆపరేషన్ చేశారు. ఆ ఏడు ఆడలేదు. మరుసటి ఏడు రెండో జట్టులో నాలుగు ఆటలు ఆడి ఆపేశాడు. సోల్ వాళ్ళు వదిలేశారు.

అప్పుడు ఓక్ మేడమ్ నన్ను పిలిచింది. "పిల్ల పిచర్లకు కోచ్ కావాలి. అతన్ని అడగండి."

నేను ఫోన్ చేస్తే ఎత్తలేదు. హన్సోల్‌తో అడిగించాను. వాడు రెండు రోజుల తర్వాత వచ్చి తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"ఆ టాక్ గారు ఉన్నచోటికి రానంటున్నాడు."

ఆ సాయంత్రమే ఓక్ మేడమ్‌కు కాగితం ఇచ్చాను. ఆఫీసు వద్దు, పాత తిరుగుడు పనే ఇవ్వమని రాశాను. ఆవిడ చదివి, "మీరు పోతే నాకు కష్టం," అంది.

"పునాది మీరే కదా తవ్వుతానన్నారు. నేనూ పాత రాయినే," అన్నాను. ఆవిడ నవ్వలేదు. సంతకం పెట్టింది.

కాంగ్‌సక్ ఆ ఫిబ్రవరిలోనే కోచ్‌గా కున్సాన్ వచ్చేశాడు. వాడు తీర్చిదిద్దిన కుర్రాడొకడు నిరుడు పన్నెండు ఆటలు గెలిచాడని పేపర్లో చూశాను. జట్టు ఏడో స్థానానికి ఎక్కింది. వదిన అన్ని ఆటలకూ వస్తుందట.

నేను దక్షిణాన బడి గ్రౌండ్ల వెంట తిరుగుతున్నాను. మొన్న యోసు ఊళ్ళో ఒక పిల్ల క్యాచర్ని చూశాను. మంచి చేతులు. నోట్‌బుక్ తెరిచాను గానీ వెంటనే పేరు రాయలేదు. ఆట అయ్యాక కిందికి దిగి వెళ్ళి, "ఏరా, మా ఊరు వచ్చి ఆడతావా?" అని ముందు వాణ్ణే అడిగాను.