ఎండబెట్టని మట్టి

బల్ల పట్టుకోకుండా లేస్తాడా లేవడా, పట్టుకుంటే పట్టుకోనీ, అరవై దాటిన మనిషి బల్ల పట్టుకుని లేస్తే ఎవరేమంటారు, కాని అమిరాన్ సంగతి తనకి తెలియదా, తోడబుట్టినవాడు, బల్ల పట్టుకోవాల్సి వస్తే అసలు లేవడు, కూర్చునే ఏదో హాస్యమాడి దాటేస్తాడు, అదే జరిగితే పోయిన చలికాలం నుంచి పడ్డ పాట్లూ, కూతురు తేక్లే నిద్ర మాని చూసిన ఆ గాజుపళ్లేలూ అన్నీ బూడిదలో పోసిన పన్నీరే, అనుకుంటూ లామారా బల్ల కిందకి మరోసారి చూసింది, కుడికాలికి మామూలు బూటు, ఎడమకాలికి మెత్తటి గుడ్డచెప్పు, అందులో నాలుగే వేళ్లు, ఐదోది, చిటికెనవేలు, ఆసుపత్రివాళ్లకి దక్షిణ ఇచ్చుకున్నానంటాడు అన్నయ్య, మోకాలి దాకా అడిగారు, బేరమాడి చిటికెనవేలితో సరిపెట్టానంటాడు వచ్చినవాళ్లందరితోనూ, అబ్బో, బేరమాడింది ఈయనగారేనట, పైన పందిరి మీద ద్రాక్షాకులు సగం పండాయి, కోత నిన్నటితో అయిపోయింది, రసమంతా భూమిలో పాతిన కాగుల్లో బుడబుడలాడుతోంది, ఇవాళ విందు, విందు నడిపే తమడా అమిరానే, ఈ వీధిలో ఏ బల్ల వేసినా తమడా కుర్చీ అతనిదే, మొదటి గ్లాసు దేవుడికి ఎత్తాడు, రెండోది శాంతికి, మూడోది పంటనిచ్చిన నేలకి, వీటిని కూర్చునే కానిచ్చేశాడు, ఇంక రాబోయేది పోయినవాళ్లది, దానికి మాత్రం లేచి నిలబడాలి, ముందు తమడా లేవాలి, తర్వాతే తక్కినవాళ్లు, పొరుగింటి జెమాల్ నోరు ఊరుకోదుగా, ఏం అమిరాన్, ఇవాళ కుర్చీ వదలవేంటి, జిగురు రాసుకుని కూర్చున్నావా అంటున్నాడు, ఆగరా, నేను లేచేసరికి నువ్వు బల్ల కింద లేకుండా చూసుకో అంటున్నాడు అన్నయ్య, బల్లంతా గొల్లుమంది, లామారాకి మాత్రం నవ్వు రాలేదు, అన్నయ్య చెయ్యి బల్ల అంచు దాకా వెళ్లి వెనక్కి రావడం తను చూసింది.

తినవేం, పొలాల్లో తిరిగి తిరిగి పుల్లలా అయ్యావు అంటూ వదిన నార్గిజా పళ్లెంలో ఇంకో మాంసం ముక్క వేసింది, ద్రాక్షకొమ్మల నిప్పుల మీద కాలిన వాసన, పుల్లరేగు పచ్చడి వాసన, దానికి అడుగున ఎక్కడినుంచో తడిమట్టి వాసన, ఆ వాసన తగిలితే చాలు లామారా వీపు నిటారవుతుంది, ఈ షిరాకి నల్లనేల గురించి తనకంటే ఎక్కువ తెలిసినవాళ్లు ఈ దేశంలో ఉంటే చెయ్యెత్తమనండి, ఒకప్పుడు పొడుగునా చెట్లవరసలుండేవి, గాలికి అడ్డంగా, అవి పోయాక మీగడలాంటి పైమట్టిని గాలి తవ్వుకుని పోయింది, దానికి తోడు వానలు తీరు మార్చుకున్నాయి, కురిస్తే కుండపోత, లేదంటే నెలల తరబడి చుక్క లేదు, ఇంక ఈ నేల పని అయిపోయిందని పెద్దపెద్దవాళ్లు చేతులు దులుపుకుంటే, కాలేదు, చెట్లు మళ్లీ నాటిన చోట నేలలోకి కర్బనం తిరిగి చేరుతోంది, ఇదిగో చూడండి అని రుజువు చేసింది తను, రోమ్‌లో సభ, ఆ మాట విని ఒక జర్మన్ ప్రొఫెసర్ వెతుక్కుంటూ వచ్చి చెయ్యి కలిపాడు, గర్వమా, అవును గర్వమే, దాచుకోవడం దేనికి, కష్టపడి సంపాదించుకున్న గర్వం, అదిగో గోడ అవతల కనిపిస్తున్న ఆ వరస, అడవి బాదం, పైన్, అమిరాన్ నాటిందే, నువ్వు కాగితాల మీద నాటావు, నేను గడ్డపారతో నాటాను, ఎవరి చేతులు కాయలు కాశాయో చూపిద్దామా అని ఏడిపిస్తాడు, అలా నడుం వంచి గుంటలు తీసినవాణ్ణి, ఏదీ, ఆ కాలు ఇటు జరిపాడేమిటి, నొప్పా, లేక లేవడానికి సిద్ధమవుతున్నాడా, కాదు, రొట్టె అందుకోవడానికి జరిగాడంతే.

అసలు ఆ ఫిబ్రవరిలో కొట్టంలో పేడ ఎత్తుతుంటే పలుగుకొన బూటులోంచి దిగినప్పుడే చెప్పి ఉంటే, చెప్పడుగా, ఒంట్లో చక్కెర జబ్బు పెట్టుకుని, గాయం మీద ద్రాక్షసారా పోసుకుని గుడ్డ చుట్టుకున్నాడు, మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు, మొండితనం చూసి రాజు భయపడతాడేమో గాని పుండులో చేరిన సూక్ష్మజీవి భయపడదు, తిబిలిసీ తీసుకెళ్లేసరికి పాదం వంకాయ రంగుకి తిరిగింది, ఒక మందు అన్నారు, ఇంకోటి అన్నారు, సీసా మారుస్తూనే ఉన్నారు, దేనికీ లొంగలేదు, చివరికి సర్జన్ పక్కకి పిలిచి, చూడమ్మా, శుక్రవారం మోకాలి కింద తీసేద్దాం, మనిషి దక్కుతాడు అన్నాడు, ఆ సంగతి తెలిసి అమిరాన్ తన చెయ్యి పట్టుకుని, లామారా, నన్ను కుంటి తమడాని చెయ్యకే, పోయినవాళ్లకి కూర్చుని గ్లాసెత్తమంటావా, నాన్న ఏమనుకుంటాడు అన్నాడు, అంత బాధలోనూ తను, నాన్న మాట నా దగ్గర ఎత్తకు అంది, అనకుండా ఉండాల్సింది, కాని నాన్న పేరు వింటే తన మనసు అలా బిగుసుకుపోతుంది, ఎప్పటినుంచో అంతే, పోయినవాళ్ల గ్లాసు ఎత్తినప్పుడు అమ్మ పేరు దగ్గర తాగుతుంది, నాన్న పేరు దగ్గర గ్లాసు దించేస్తుంది, ఎవరూ గమనించరు, అన్నయ్య తప్ప.

తేక్లే మాత్రం ఏడవలేదు, తన కూతురు ఏడిచే రకం కాదు, నగరంలో నది ఒడ్డున ఉన్న ఓ పాత సంస్థలో దాని ఉద్యోగం, ఫేజుల్ని వెతకడం, ఫేజులంటే సూక్ష్మజీవుల్ని పట్టుకుని లోపలినుంచి పగలగొట్టే వైరస్‌లు, మనిషి జోలికి రావు, వందేళ్లుగా ఇక్కడివాళ్లు వాటితో పుండ్లు మాన్పుకుంటూనే ఉన్నారు, అప్పుడు నవ్వినవాళ్లంతా ఇప్పుడు మందులు మొరాయించాక ఆ గుమ్మం ముందు వరసలో నిలబడుతున్నారు, తేక్లే మామయ్య పుండులోది తీసుకెళ్లి పళ్లెంలో పెంచింది, సంస్థలో ఉన్న ఫేజులన్నీ చుక్క చుక్కగా దానిమీద వేసింది, ఏ ఒక్కటీ పనిచేయలేదు, ప్రతిదానికీ దాని యముడు వేరే ఉంటాడమ్మా, మామయ్య కాలిలోది మామయ్యలాగే మొండిది, దీని యముణ్ణి కొత్తగా వెతకాలి, మురుక్కాలవ నీళ్లు పెట్టాను, నదినీళ్లు పెట్టాను, రాలేదు అంది, మురుక్కాలవ ఏంటే, ప్రపంచంలో అంత బతికున్న నేలని పెట్టుకుని మురుక్కాలవ దగ్గర దేవులాడతావా, ఉండు నేను తెస్తాను అంటూ తను కారేసుకుని బయల్దేరింది, ఎంత గర్వంగా బయల్దేరిందని, అన్నయ్య చెట్లకింద, చేనులో, గట్టు మీద తవ్వింది, తన ప్రయోగశాలలో సంచులన్నీ సిద్ధం చేసింది, పట్టుకెళ్లి కూతురి బల్ల మీద వరసగా పేర్చింది, పెళ్లిపందిట్లో సారె పేర్చినట్టు.

తేక్లే ఒక సంచి విప్పింది, వేళ్ల మధ్య పోసుకుని చూసింది, ఇదేంటమ్మా ఇంత పొడిగా ఉంది అంది, ఎండబెట్టాను కదా అంది తను, పొయ్యిలో ఎండబెట్టి, పైనున్న ఆకూ అలమూ పేడా గీకేసి, జల్లెడ పట్టి తెచ్చాను అంది, ఇంకా మెచ్చుకుంటుందనే చూస్తోంది, తేక్లే సంచి మెల్లగా బల్ల మీద పెట్టి, అమ్మా, నాకు తూకానికి కాదు కావాల్సింది, బతికున్నవి కావాలి, నువ్వు శవాల్ని ఇస్త్రీ చేసి తెచ్చావు అంది, అయ్యో, అయ్యో, చేతులెంత పని చేశాయి, తడిమట్టి కనపడితే చాలు ఆరబెట్టడం, ముప్పై ఏళ్ల అలవాటు, తన ఆఫీసులో అప్పుడే చేరిన పిల్ల కూడా అదే చేస్తుంది, మట్టిని చదివినవాళ్లు తప్ప లోకంలో ఇంకెవరూ చెయ్యని పొరపాటు, బుధవారం సాయంత్రం అది, షిరాకి దాకా వెళ్లి వచ్చే వ్యవధి లేదు, వరండాలోకి వచ్చి గోడకి ఆనుకుని నిలబడింది, నా గొప్పతనమే అన్నయ్య కాలు తీసేస్తోంది అనుకుంది, అప్పుడు వెనకనుంచి తేక్లే, నీ పార ఏదమ్మా అంది, కారు డిక్కీలో ఉంది, దేనికే, కడిగావా దాన్ని, లేదే, తొందరలో అలాగే పడేశాను, సిగ్గుచేటు అంటే, దేవుడా, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి మా అమ్మ పార కడగలేదు అంటూ మెట్లమీదుగా పరుగెత్తింది పిల్ల, ఆ పారకి అంటుకుని ఉంది తడి బురద, అన్నయ్య నాటిన చెట్లనీడలో, నీళ్లతొట్టి పక్కన ఆవులు పడుకునే చోటుది, పేడతో సహా, ఏ శాస్త్రజ్ఞుడూ సంచిలో వేసుకోని బురద, తేక్లే దాన్ని చెంచాతో గీకి, వెన్న గీకినంత జాగ్రత్తగా, గిన్నెలోకి తీసుకుంది.

సర్జన్‌తో పోట్లాడి సోమవారం దాకా గడువు తెచ్చిందీ తేక్లేనే, సోమవారం పొద్దున కిటికీ వెలుగుకి పళ్లెం ఎత్తి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, అమ్మా, కళ్లజోడు పెట్టుకుని ఇటు రా అంది, మామయ్య సూక్ష్మజీవి పళ్లెమంతా తెల్లని పొరలా పరుచుకుని ఉంది, దాని మీద చిమ్మెటలు కొరికిన శాలువాలా చిల్లులు, గుండ్రంగా, అద్దంలా స్వచ్ఛంగా, ఒకటి కాదు రెండు కాదు, మన బురదేనమ్మా, తింటోంది అంది తేక్లే, అప్పుడు ఏడ్చింది పిల్ల, అప్పుడు మాత్రమే, దాన్ని వడగట్టి, శుభ్రం చేసి, పరీక్షలు పెట్టి కాలికి పట్టించేలోగా చిటికెనవేలు పోయింది, తక్కిన పాదం నిలిచింది, కొట్టంలో దిగబడ్డ జబ్బుకి కొట్టం పక్క బురదే మందైంది, ముల్లును ముల్లుతోనే తీయాలనేది ఇదే కాబోలు, పెరటి చెట్టు మందుకు పనికిరాదన్నవాడెవడో వచ్చి ఈ బల్ల దగ్గర కూర్చోవాలి, నీ కూతురి పురుగులు నన్ను రక్షించాయే అంటాడు అమిరాన్, పురుగులు కావు మామయ్యా అని ఇది ఎన్నిసార్లు చెప్పినా సరే.

గ్లాసుల చప్పుడు ఆగింది, ఎందుకాగింది, అమిరాన్ గ్లాసు నింపుకున్నాడు, రెండు అరచేతులూ మోకాళ్ల మీద పెట్టుకున్నాడు, బల్ల మీద కాదు, లేస్తున్నాడు, సగం లేచి ఒక్క క్షణం అక్కడే ఆగాడు, ఎదురుగా తేక్లే కుర్చీలోంచి ముందుకి కదిలింది, లామారా బల్ల మీదుగా దాని మణికట్టు పట్టి ఆపింది, వద్దు, అన్నయ్యని లేవనీ, ఎడమపాదం వణికింది, మడమ నేలకి ఆనింది, నిలబడ్డాడు, నిలబడ్డాడమ్మా మా అన్నయ్య, రెండు కాళ్ల మీద, కొయ్య దిగ్గొట్టినట్టు, కుర్చీలన్నీ ఒక్కసారి వెనక్కి జరిగాయి, జెమాల్ నోట ఒక్క వెటకారం లేదు, వాడి కళ్లే ముందు తడిశాయి, అమిరాన్ రొట్టెముక్క మీద రెండు చుక్కల వైన్ పోశాడు, పోయినవాళ్ల పేర్లు చెప్పసాగాడు, తాత, మామ్మ, యుద్ధానికి వెళ్లి రాని చిన్నాన్న, అమ్మ, అమ్మ దగ్గర లామారా ఒక గుక్క తాగింది, తర్వాతి పేరేమిటో తెలుసు, అలవాటుగా గ్లాసు దించబోయింది, అప్పుడు అన్నయ్య తనవైపు తిరిగి, అలవెర్ది నీకు, లామారా, తర్వాతి పేరు నువ్వు చెప్పు అన్నాడు, తమడా మాట అప్పగిస్తే కాదనడం ఈ నేల మీద లేదు, బల్లంతా తనవైపే చూస్తోంది, దొంగ, ఈ ఎత్తు వేసుకునే కూర్చున్నాడన్నమాట పొద్దుటినుంచి.

సోలొమన్, నాన్న పేరు, ముప్పై ఏళ్ల కిందటి ఆ చలికాలం, దేశంలో కాల్పులు, గ్యాసు లేదు, కరెంటు లేదు, తేక్లే నెల ముందే పుట్టింది, రొట్టెముక్కంత పిల్ల, పాలు తాగే ఓపిక లేదు, పెదాలు నీలంగా, నాన్న రంపం తీసుకుని బయటికి వెళ్లాడు, వయసులో ఉండగా తన చేత్తో నాటిన చెట్లవరస, గాలికి అడ్డంగా, దాని మీదే రంపం పెట్టాడు, ఊళ్లో మొదట కోసింది ఆయనే, ఆయన్ని చూసి తక్కినవాళ్లు, ఒక్క చలికాలంలో వరసలన్నీ పొయ్యిల్లోకి పోయాయి, తర్వాత దుమ్ము లేచింది, చదువుకున్న కూతురు ఇదే బల్ల దగ్గర ఆయన మొహం మీద, ఈ నేలని చంపింది నువ్వే నాన్నా అంది, ఆయన తల వంచుకుని, పిల్ల వెచ్చగా ఉంది కదమ్మా అన్నాడు, అంతే, ఆయన పోయేదాకా తను ఆ మాటకి జవాబివ్వలేదు, ఈ నేలలోంచి ఎంత పోయిందో ముప్పై ఏళ్లు కొలిచింది, పిడికెడు పిడికెడు కొలిచింది, గాలికి పోయింది ఇంత, నీటికి పోయింది ఇంత, పొయ్యిలోకి పోయిందంతా బూడిదే అనుకుంది, ఎప్పుడూ ఆరబెట్టి చూసిందిగా, ఆరబెట్టినదాంట్లో బతికున్నదేదీ కనపడదు, ఆ పొయ్యిలో పోయింది బూడిద కాలేదు, అదిగో, బల్లకి అవతల నిలబడి ఉంది, వైన్‌కి బుగ్గలెర్రబడి, చేతిలో గ్లాసుతో, మామయ్య కాలు నిలబెట్టిన పిల్ల, నాన్న కొట్టిన ప్రతి చెట్టూ దాని ఒంట్లో ఉంది, ఇంత గర్వం తన జీవితంలో ఎప్పుడూ కలగలేదు, ఇందులో తనది ఒక్క పిసరు లేదు, రోమ్ లేదు, జర్మన్ ప్రొఫెసర్ లేడు, లామారా గ్లాసు పైకెత్తింది, మా నాన్న సోలొమన్‌కి అంది, ఆ తర్వాతి మాట బల్ల దగ్గర ఉన్నవాళ్లకి కాదు, గ్లాసు కొంచెం వంచి కాళ్లదగ్గరి మట్టి మీద నాలుగు చుక్కలు పోసి ఆయనకే చెప్పింది, పిల్ల వెచ్చగా ఉంది నాన్నా.