సెబున్యా చెప్పిన సినిమా

మా మసాకా ఊళ్ళో సెబున్యా వీడియో హాలుకి జనం వెళ్ళేది సినిమా కోసం కాదు, ఆయన గొంతు కోసం. ఏ దేశం సినిమా అయినా సరే, టీవీ పక్కన మైకు పట్టుకుని కూర్చుని, తెరమీద వాళ్ళ మాటలన్నీ మా లుగాండా భాషలో ఆయనే చెప్తాడు. హీరో, విలను, గుర్రం, అందరూ ఆయనే. ఆదివారం మధ్యాహ్నాలు పాత సినిమాలు వేస్తాడు. వాటికి జనం తక్కువ, తోపులాట ఉండదు. అందుకే మా అమ్మాయి నబ్బోసాని ఏడేళ్ళప్పటి నుంచి పంపాను. పాత సినిమాల మీద గౌరవంతో కాదు.

ఈ ఏడు కంపాలాలో ఒక కాలేజీ సినిమా చదువుకి పన్నెండు సీట్లు ప్రకటించింది. దరఖాస్తుతో పాటు, నచ్చిన పాత సినిమా గురించి రెండు పేజీలు రాయాలి. నబ్బోసా ఒక నలుపు తెలుపు సినిమా గురించి రాసింది. మంచు కురిసే ఊళ్ళో గడియారాలు బాగుచేసే ముసలాయన. చదువుకి వెళ్ళిన కూతురి కోసం రోజూ సాయంత్రం రైలు స్టేషనుకి వెళ్తాడు. చివర్లో ఆ పిల్ల దిగుతుంది. ఆయన ఊరికే పెట్టె అందుకుంటాడు. చదివి నాకే కళ్ళు చెమర్చాయి. ఇంటర్వ్యూకి రమ్మని కబురొచ్చింది.

"వెళ్ళేముందు ఆ సినిమా ఇంకోసారి చూడు," అన్నాను.

"నాకు కంఠతా వచ్చమ్మా."

"వస్తే చూడటానికేం?"

నా ఫోన్లో వెతికి పట్టుకుంది. కింద ఇంగ్లీషు అక్షరాలు వస్తున్నాయి. వంటకి అరటికాయలు చెక్కుతూ ఇద్దరం చూశాం. పావుగంటకే దాని చేతిలో కత్తి ఆగిపోయింది. ఆ ముసలాయనకి కూతురే లేదు. స్టేషను గడియారం రోజూ వెనకబడుతుంది, దాన్ని సరిచేయడం ఆయన పని. చివర్లో రైలు దిగిన అమ్మాయి ఎవరో దారి తెలియని ప్రయాణికురాలు.

ఆ మధ్యాహ్నమే హాలుకి వెళ్ళాం. సెబున్యా బెంచీలు తుడుస్తున్నాడు. నబ్బోసా పెద్దవాళ్ళ ముందు మా పద్ధతి ప్రకారం మోకాళ్ళ మీద కూర్చునే పలకరించింది గానీ, గొంతులో ఆ వినయం లేదు.

"తాతా, గడియారాల ముసలాయనకి కూతురుందా?"

"ఎందుకు లేదూ? నేనే కన్నాను."

"నవ్వకు తాతా! నా సీటు పోయేలా ఉంది."

సంగతంతా విని ఆయన గుడ్డ భుజాన వేసుకున్నాడు. "అది ఏ భాషో నాకిప్పటికీ తెలీదే పిల్లా. నాకు దొరికిన క్యాసెట్లో ఆ ఇంగ్లీషు అక్షరాలేవీ లేవు. మూడుసార్లు చూశాను. రోజూ స్టేషనుకెళ్ళి అంత శ్రద్ధగా నిలబడే మనిషి, ఎవరి కోసమో కాకపోతే దేనికెళ్తాడు? గడియారం కోసమంటే మనవాళ్ళు ఈ బెంచీలు విరగ్గొట్టరూ?"

"నువ్వు కల్పించావంటే నన్ను బయటికి పొమ్మంటారు."

"అయితే చెప్పకు. రాసేటప్పుడు ఏదో పొరపాటు పడ్డానను."

నబ్బోసా నా వైపు చూసింది. నేనేమంటానో దానికి తెలుసు.

గురువారం కంపాలా వెళ్ళాం. నేను వరండాలో కూర్చున్నాను. లోపల జరిగింది తిరుగు దారిలో టాక్సీలో చెప్పింది. వాళ్ళు అడక్కముందే చెప్పేసిందట, తను రాసిన కూతురు ఆ సినిమాలో లేదని, మా ఊళ్ళో సినిమాలు చెప్పే తాత కల్పించాడని, తను నిజమనుకుని పెరిగిందని. ఇద్దరు మేష్టార్లు కాగితాలు పక్కన పెట్టేశారట. మూడో ఆవిడ, జుట్టు నెరిసినావిడ, మాత్రం ఒక లైను మీద వేలు పెట్టి ఆగింది.

"గడియారం ముట్టుకునే ముందు ప్రతిసారీ ఆయన అరచెయ్యి కోటుకి తుడుచుకుంటాడని రాశావు. ఇదీ మీ తాత కల్పనేనా?"

"కాదు మేడమ్, అది సినిమాలోనే ఉంది. మొన్న మళ్ళీ చూశాను. మేం తెరమీద నోళ్ళకేసి చూస్తుంటే తాత మైకులో అరుస్తాడు, 'నోళ్ళు కాదర్రా, చేతులు చూడండి!' అని. అలా అలవాటైంది."

"ఇరవై ఏళ్ళుగా ఈ సినిమా పాఠం చెప్తున్నాను. ఆ చెయ్యి నేనెప్పుడూ చూడలేదు," అందట ఆవిడ.

పదకొండు రోజులకి సీటొచ్చినట్టు కబురందింది.

ఆదివారం కోడిపుంజుని పట్టుకుని హాలుకి వెళ్ళాం. పెద్దవాళ్ళకి అంతకన్నా మంచి కానుక మాలో లేదు.

"నా గురించి ఏం చెప్పావే?" అన్నాడు సెబున్యా.

"అబద్ధాలకోరువని."

"బాగానే చెప్పావు."

నేనూ ఆయన ముందు మోకరిల్లాను. "పదేళ్ళు నా పిల్లకి చూడటం నేర్పారు," అన్నాను. ఆయనకి ఎటు చూడాలో తెలియలేదు.

"నేర్పానా ఏమన్నానా తల్లీ, ఊరికే అరిచాను," అని పుంజుని బల్ల కాలికి కట్టేశాడు.

ఆవేళ నేనూ ముందు బెంచీ మీదే కూర్చున్నాను. ఏదో పాత సినిమా, ఎవరో ఇద్దరు పడవలో పోట్లాడుకుంటున్నారు. సెబున్యా జోరుగా చెప్తూ చెప్తూ నబ్బోసా వైపు చూసి, ఆగిపోయాడు.

"ఇక్కడ వీళ్ళేమంటున్నారో నిజానికి నాకు తెలీదర్రా," అన్నాడు మైకులో.

హాలంతా గోల. "తెలీకపోతేనేం, చెప్పవయ్యా!"

అందరికంటే గట్టిగా అరిచింది నబ్బోసా. ఆయన గొంతు సవరించుకున్నాడు. నేను పడవలో వాళ్ళ చేతులు చూస్తూ వినసాగాను.