రోట్లో నీళ్లు

"పిట్టలకి నీళ్లు పోసేవా?" అని ఆ ఉదయం మా ఆయన అడిగితే, నన్నేనా అడుగుతున్నది అని తిరిగి చూశాను. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో నీళ్ల గురించి ఆయన అడిగినవన్నీ తన స్నానానికి కాగాయా, తన సీసాలో నింపావా అనే. నేను తాగానా అని అడిగినట్టు గుర్తులేదు. ఇప్పుడు పిట్టలమీదికి మనసు పోవడానికి కారణం ఉంది. పది గంటలకి రైల్వే పెద్దసారు, వాళ్లావిడ మా కాలనీలో తోటలు చూడ్డానికి వస్తున్నారు. ఏటా ఎండాకాలం మొదట్లో జరిగే పోటీయే అది. ఎవరి క్వార్టరు ముందు తోట బాగుంటే వాళ్లకి సర్టిఫికెట్టు ఇస్తారు. "పోశాను" అన్నాను. "అయితే ఆ అంచుమీద పాచి కూడా తోమీ. సూడ్డానికి నీటుగుండాల" అని చెప్పి ఆయన గడ్డం గీసుకోడానికి వెళ్లిపోయారు.

మా తోటలో పిట్టలు స్నానం చేసేది రుబ్బురోట్లో. నల్లరాతి రోలు, మా అత్త తాతమ్మది. మా ఆయన ఏలియా ఇనప ఖనిజం మోసే గూడ్సు బళ్లకి గార్డు. పెళ్లయిన వారంలోనే ఆ రోలుని కొత్తవలసలో నలుగురిచేత ఖాళీ బండి గార్డు పెట్టెలోకి ఎక్కించి, కొండమీద గనుల ఊరు ఈ బచేలికి తెచ్చారు. ఆ వెనకే పాసింజర్లో నేనొచ్చాను. "రోలునీ పెళ్లాన్నీ ఒక్క వారంలోనే కొండమీదికి లాక్కొచ్చేను" అని ఆయన ఇప్పటికీ స్నేహితులతో అంటుంటారు. వాళ్లు నవ్వుతారు. నేను టీ కప్పులు అందిస్తాను. మొదట్లో నేనూ నవ్వేదాన్ని. ఎప్పుడు మానేశానో తెలీదు, మానేసినట్టు ఎవరూ గమనించలేదు కూడా.

ఆ రోటి ముందు నేను కూర్చున్న గంటలు ఎవరూ లెక్కపెట్టరు కనక నేనూ పెట్టలేదు. ఆయన డ్యూటీ దిగి వచ్చేసరికి రోటి పచ్చడి ఉండాలి. శుక్రవారం మా ఇంట్లో ప్రార్థన, కాలనీలో పన్నెండు కుటుంబాలు వస్తాయి, వాళ్లకి ఇడ్లీలు. క్రిస్మస్‌కి గారెలు, పిల్లల పుట్టినరోజులకి గారెలు, ఆయన తమ్ముడు ఊరికే చూసిపోడానికి వచ్చినా గారెలే. "మిషను పిండి మనిషి తినేదేటి?" అనేది మా అత్త. ప్రార్థన అయ్యాక అందరూ చేతులు కడుక్కుని "మీ ఇంటి ఇడ్లీ మెత్తదనం ఎక్కడా రాదు ఏలియాగారూ" అని మెచ్చుకునేవాళ్లు. ఆయనకే చెప్పేవాళ్లు. ఆయన తల వంచుకుని "అంతా దేవుడి దయండి" అనేవారు. నేను వంటింట్లో పొత్రం కడుగుతుండేదాన్ని. దేవుడు పప్పు కూడా రుబ్బుతాడని నాకు అలాగే తెలిసింది.

కుడిచెయ్యి ముందు తిమ్మిరెక్కేది. విదిలిస్తే పోయేది. ఆ తర్వాత విదిలించినా పోయేది కాదు. ఒకరోజు పెనం మీద అట్టు తిరగేస్తుంటే ఏదో కాలిన వాసన వచ్చింది. అట్టు మాడలేదే అనుకుంటూ చూసుకుంటే కాలుతున్నది నా వేలు. నొప్పి లేదు. అలా చూస్తూ నిలబడ్డాను, ఎవరి వేలో అయినట్టు. మొద్దుబారింది చెయ్యొక్కటే కాదని నాకు అప్పుడే తెలుసు. మా అమ్మ పోయిందని ఫోనొచ్చిన రోజు కూడా నేను పొయ్యిమీది పులుసులో ఉప్పు చూసి, దించి, మూతపెట్టి, అప్పుడు కూర్చున్నాను. కూర్చున్నాక కూడా ఏడుపు రాలేదు. "గట్టి మనిషి" అన్నారు ఇరుగుపొరుగు.

ఆస్పత్రిలో లేడీ డాక్టరు నా మణికట్టు నొక్కి చూసి, "మీరేం పని చేస్తారమ్మా?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపల ఆయనే చెప్పారు, "పనేటీ లేదండి, ఇంట్లోనే ఉంటాది." డాక్టరు ఆయన్ని చూడలేదు. నా అరచెయ్యి తిప్పి, బొటనవేలి కింద కండ కరిగిపోయిన చోట తన వేలితో రాసింది. "రుబ్బడం, బట్టలు పిండడం పూర్తిగా మానెయ్యండి. నరం నలిగిపోయింది. విశ్రాంతి ఇస్తే స్పర్శ మెల్లిగా రావచ్చు. మళ్లీ ఇలాగే చేస్తే సూది పట్టుకోడానిక్కూడా ఈ వేళ్లు పనికిరావు." ఇంటికొచ్చాక ఆయన అత్తతో "మిక్సీ కొనాలట" అన్నారు, ఎవరో చచ్చిపోయారని చెప్పినట్టు.

అలా కిందటి వానల్లో రోలు వంటింట్లోంచి తోటలోకి పోయింది. వానకి నిండింది. ఒకరోజు కిటికీలోంచి చూస్తే పిగిలిపిట్ట ఒకటి అంచుమీద వాలి, అటూ ఇటూ చూసి, దిగి రెక్కలు కొట్టుకుంది. నీళ్లు చిమ్మాయి. నేను గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. వానలు తగ్గాక నేనే పొయ్యడం మొదలుపెట్టాను. మాకు కుళాయి వచ్చేది పొద్దున్న ఒక్క గంట. "మనుసులకి లేక సత్తంటే పిట్టలకి బిందెడేటే కన్నమ్మా" అని అత్త రోజూ అనేది. నేను రోజూ పోసేదాన్ని. ఎవరూ చెప్పకుండా, ఎవరూ అడగకుండా నేను చేసే పని ఆ ఇంట్లో అదొక్కటే.

మొదటి వారంలో ఒక పిట్టపిల్ల అందులో మునిగి చచ్చిపోయింది. మా ఇంట్లో బట్టలుతికే బుధ్రి చూసి, దాన్ని ఆకులో తీసి జామచెట్టు కింద పాతిపెట్టింది. "లోతు ఎక్కువ అమ్మా. పిట్టకి కాలు ఆనాల. రాయి పెట్టు" అంది. ఇంకో రాయి ఎందుకని మూల పడున్న పొత్రాన్నే ఇద్దరం పట్టి గుంటలో నిలబెట్టాం. దాని తల నీళ్లపైకి వచ్చింది. ఆ మర్నాటి నుంచి పిట్టలు ముందు పొత్రం మీద వాలి, అక్కణ్ణించి దిగడం మొదలుపెట్టాయి. మట్టిరంగు పిట్టలైతే ఏడూ కలిసే వచ్చేవి, ఒకటే గోల. వాటిని సాత్ భాయి అంటారట ఇక్కడ, ఏడుగురు అన్నదమ్ములని. "ఆడవి లేవా ఏటి ఆటిలో?" అని నేనడిగితే బుధ్రి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నా చెయ్యి సంగతి కూడా దానికే చెప్పుకునేదాన్ని. అది మూడు క్వార్టర్లలో బట్టలుతికి, అడవికి పోయి కట్టెల మోపు తెచ్చుకుని, ఇంటికెళ్లి మొగుడికి వండుతుంది. నేను దానితో చెప్పుకోవడం రోలు వెళ్లి మద్దెలతో మొరపెట్టుకున్నట్టే. అయినా చెప్పేదాన్ని, అది వినేది.

రోజూ నీళ్లు పోశాక కుడిచెయ్యి అందులో ముంచి చూసుకునేదాన్ని. చిటికెన వేలికి చల్లగా తెలిసేది, ఉంగరపు వేలికి తెలిసేది. మిగతా మూడూ నీళ్లలో ఉన్నాయో గాల్లో ఉన్నాయో తెలిసేది కాదు. జనవరిలో ఒకనాడు బొటనవేలికి చలి తగిలింది. భ్రమేమోనని తీసి మళ్లీ ముంచాను. తగిలింది. నెల తిరిగేసరికి చూపుడువేలికీ వచ్చింది. ఇక నడిమివేలు ఒక్కటే. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. సంతోషించానా అంటే అదీ చెప్పలేను. రేపు పొద్దున్న మళ్లీ చూడాలి అనుకునేదాన్ని, అంతే. అంతకు ముందు నాకు రేపటితో పని ఉండేది కాదు.

పెద్దసారు వచ్చారు. చేమంతుల్నీ గులాబీల్నీ దాటుకుని తిన్నగా రోటి దగ్గర ఆగారు. అప్పుడే గోరువంక ఒకటి పొత్రం మీద నిలబడి ఈకలు దులుపుకుంటోంది. "ఎవరి ఆలోచన ఇది?" అన్నారు హిందీలో. మా ఆయన చేతులు కట్టుకుని హిందీలోనే చెప్పారు, తనే పెట్టానని, రోజూ తనే నీళ్లు పోస్తానని, డ్యూటీ నుంచి ఎంత అలిసి వచ్చినా ముందు పిట్టల సంగతి చూసి అప్పుడే తను టీ తాగుతానని. సారు పక్కనున్న మేడమ్ తెలుగావిడ, అందుకని ఆవిడకి మళ్లీ తెలుగులో చెప్పారు. రెండు భాషల్లోనూ నా పేరు రాలేదు. నేను మంచినీళ్ల ట్రే పట్టుకుని పక్కనే ఉన్నాను. కోపం రాలేదు. వస్తే బాగుండుననిపించింది.

మేడమ్ రోటి అంచు నిమిరి, "ఇలాంటి రోట్లో రుబ్బిన గారెలు తిని ఎన్నాళ్లయిందో" అంది. ఊరికే అంది పాపం, మనసులో మాట. మా ఆయన అందిపుచ్చుకున్నారు. "దానికేటుందండి మేడమ్‌గారూ, వొచ్చే ఆదివారం సార్‌తో బోజనానికి రండి. మా ఆవిడ ఈ రోట్లోనే రుబ్బి పెడతాది." ఆవిడ నా వైపు చూసి "శ్రమేమో" అంది. "సెమేటండి, దానికి సరదా" అన్నారు ఆయన. నాకు సరదా అని నాకూ అప్పుడే తెలిసింది.

సాయంత్రానికి సర్టిఫికెట్టు వచ్చింది. దాని మీద పెద్ద అక్షరాలతో ఏలియా అని ఉంది. ఫ్రేము కట్టించి టీవీ పైన గోడకి కొట్టారు. కొండ నుంచి వచ్చే ఎర్రదుమ్ము దానిమీద రోజూ పడుతుంది, రోజూ నేను తుడుస్తాను. "డాక్టరు రుబ్బొద్దంది కదండీ" అని ఒకసారి అన్నాను. "ఒక్క రోజుకే పోద్దేటి సెయ్యి? సార్ తల్చుకుంటే మనకి కొండ కిందకి ట్రాన్స్‌ఫర్ అయిపోద్ది. సిన్న పనికి పెద్ద రాద్ధాంతం సెయ్యకు" అన్నారు. శుక్రవారం డ్యూటీకి వెళ్తూ మరోసారి చెప్పారు, "ఆ నీళ్లు పారబోసి, తవుడేసి తోమించి, రోలు వంటింట్లోకి దొర్లించీ. ఆదివారం పొద్దున్న దిగుతాను. ఎలాగూ లోపలికొచ్చింది కాబట్టి ఇంక అక్కడే ఉంచీ. మిక్సీ పచ్చడి నోట ఎట్టలేకపోతన్నాను."

ఒక్క రోజు కాదన్నమాట.

శనివారం అత్తకి చెప్పాను. "అత్తా, వేళ్లకి ఇప్పుడిప్పుడే స్పర్శ వస్తోంది. మళ్లీ రుబ్బితే పోతుంది." ఆవిడ చిక్కుడుకాయలు తుంచుతోంది. తన కుడిచెయ్యి ఎత్తి నా ముందు పెట్టింది. వేళ్లు కొంగ కాళ్లలా బిగుసుకుపోయి ఉన్నాయి. "ముడుసుకోవు. పాతికేళ్లయింది. నానెవుల్తో సెప్పేను?" అంది. అదే జవాబన్నట్టు మళ్లీ కాయలు తుంచింది. అప్పుడు చూశాను, ఆవిడ తుంచుతున్నది ఎడమచేత్తో. ఇన్నేళ్లూ ఒక్కింట్లో ఉండి నేను అది చూడలేదు. నాకు భయమేసింది. చాలా కాలం తర్వాత నాకు స్పష్టంగా తెలిసిన మొదటి సంగతి ఆ భయమే. పాతికేళ్ల తర్వాత నేను కూడా అలాగే చెయ్యెత్తి మా కోడలికి చూపిస్తాను కాబోలు అనుకున్నాను.

ఆదివారం కుళాయి రాగానే బిందె నింపి రోట్లో పోశాను. మినప్పప్పు తెల్లవారకముందే నానేసి ఉంచాను. కోడి కూర వండాను, పులిహోర కలిపాను, చిక్కుడు వేపుడు చేశాను. "రోలు లోపలికి రాలేదేటే?" అని అత్త రెండుసార్లు అడిగింది. "ఆయన రానీ అత్తా" అన్నాను. ఆవిడ ముందు గదిలోకి వెళ్లి కూర్చుంది.

తొమ్మిదింటికి ఆయన దిగారు. స్నానం చేసి, తెల్ల చొక్కా వేసుకుని, తోటలోకి వచ్చారు. సాత్ భాయిలు ఏడూ రోటి చుట్టూ చేరి ఉన్నాయి. ఒకటి పొత్రం మీద, రెండు నీళ్లలో, మిగతావి వంతుకోసం అరుస్తున్నాయి. "ఏటిది? నీళ్లింకా తియ్యలేదేటి? పదకొండున్నరకి ఆళ్లొచ్చెస్తారు" అన్నారు.

నేను నానిన పప్పు గిన్నె తెచ్చి ఆయన ముందు నిలబడ్డాను. "పప్పు కడిగాను. అల్లం, మిరపకాయలు గట్టు మీద పెట్టాను. రుబ్బండి" అన్నాను.

"ఎవులు?"

"మీరే."

ఆయన నవ్వబోయి, నా మొహం చూసి ఆగారు. "నవ్వులాటగా ఉందేటి? నాను రుబ్బడమేటి?"

"రోలు మీదే కదండీ. సార్‌తో రెండు భాషల్లో చెప్పారు. పెట్టిందీ మీరే, రోజూ నీళ్లు పోసేదీ మీరే. సర్టిఫికెట్టు కూడా మీ పేరునే ఉంది. నా చెయ్యి మాత్రం నాది. ఇంక అది ఆ రోటి దగ్గరికి నీళ్లు పొయ్యడానికే వస్తుంది. మేడమ్ అడిగితే నేనే చెప్తాను, మీరు చెప్పక్కర్లేదు."

గొంతు పెంచలేదు. లోపల్నుంచి అత్త దగ్గు వినపడింది. గిన్నె ఆయన చేతుల్లో పెట్టాను. ఏం చెయ్యాలో తెలీక పట్టుకున్నారు. రాత్రంతా కుండలో ఉన్న నీళ్లతో కడిగిన పప్పు, గిన్నె చల్లగా ఉంది. వదిలేముందు ఆ చలి నా వేళ్లకి తగిలింది, ఒకటి, రెండు, మూడు, నాలుగు. నడిమివేలికి కూడా.

"కంగారేం లేదండీ, ఇంకా రెండు గంటలుంది" అన్నాను. "అవి స్నానం చేసి లేచేదాకా ఆగండి."