గోడకు ఇటు మంగళవారం, అటు గురువారం

తెల్లటి దిండు గలీబు మీద గోధుమరంగు చుక్క ఒకటి కదిలింది. టైలరమ్మ కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూసింది. చుక్క ఇంకాస్త ముందుకు నడిచి, కుట్టు మడతలోకి దూరి, సొంతింటికి వచ్చినట్టు సర్దుకుంది.

నల్లి.

ముప్పై ఏళ్ళుగా మిషను తొక్కుతున్న మనిషి ఆ నిమిషంలో తొక్కడం ఆపేసింది. అది ఎవరిదో ఒకరి గలీబు కాదు మరి. రంగులు వేయించుకుని మళ్ళీ తెరుస్తున్న హోటలు వాళ్ళది. మొత్తం నాలుగు వందల గలీబులు. ఇవి బాగుంటే కర్టెన్లు, ఆ తర్వాత హోటలు కుట్టుపని అంతా నీకేనని మేనేజరమ్మ మాటిచ్చింది. హోటలు దిండులో నల్లి తేలిందంటే ఆ మాట సంగతి అలా ఉంచండి, చొక్కాకు ఊడిన గుండీ కుట్టించుకోవడానికి కూడా ఈ షాపు మెట్లు ఎవరూ ఎక్కరు.

నల్లిని దారం రీలుతో నొక్కేసి, మొగుణ్ణి లోపలికి పిలిచింది.

మొగుడి గురించి ఒక మాట చెప్పాలి. బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. బస్సులో జనం చెప్పుకునే ఇంటి గుట్లన్నీ సర్వీసు పొడుగునా విని, ఒక్కటీ బయటపెట్టని ఘనుడు. "ఎవరికీ చెప్పకు" అన్న మాట చెవిన పడితే చాలు, ఆ సంగతి ఆయన కడుపులో పడి రాయైపోతుంది. అందుకని ఆయనకు తనంటే తనకే మహా గౌరవం. ఇంట్లో ఇంకెవరికీ అంత లేదు.

"నల్లులు," అంది టైలరమ్మ గొంతు తగ్గించి. "మీ చెల్లెలికి తెలిసిందంటే నేను మనిషిని కాను."

చెల్లెలంటే గోడకు అటుపక్క. ఇటు కుట్టుపని, అటు సెలూను, మధ్య ఒక్క ఇటుక మందాన గోడ. వదిన కత్తెరతో బట్ట కత్తిరిస్తుంది, ఆడపడుచు కత్తెరతో జుట్టు కత్తిరిస్తుంది, ఇద్దరి నోళ్ళూ ఆ కత్తెరలకేం తీసిపోవు. అక్కడ కొత్త సోఫా వస్తే ఇక్కడ నిలువుటద్దం వచ్చేది. ఇక్కడ బోర్డుకు లైట్లు పెడితే వారం తిరక్కుండా అక్కడ ఫ్యాన్లు మారేవి. అలాంటి ఆడపడుచు చెవిన నల్లి మాట పడడం కంటే షాపుకు తాళం వేసుకోవడం నయమని టైలరమ్మ ఉద్దేశం.

మొగుడి మొహం ఒక్క క్షణం అదోలా అయింది. ఏదో మింగినట్టు గుటక వేసి, "మందు డబ్బా నేను తెస్తాగా. మంగళవారం కొట్టు. ఆ రోజు దాని సెలూనుకు సెలవు, వాసన తెలియదు," అన్నాడు.

ఈయనకు ఇంత ముందుచూపు ఎప్పుడొచ్చిందా అని టైలరమ్మ పెళ్ళయ్యాక మొదటిసారి ఆయన్ని మనసారా మెచ్చుకుంది.

మంగళవారం తలుపులేసుకుని కొట్టింది. కుర్చీ కింద, బల్ల కింద, గోడ మూలల్లో, కళ్ళు మండి ముక్కు కారేదాకా కొట్టింది. బుధవారం వెతికినా ఒక్క నల్లి లేదు. గురువారం తన షాపుకు సెలవు. శుక్రవారం వచ్చి మిషను ముందు కూర్చుందో లేదో, తొడ మీద వరసగా మూడు దద్దుర్లు.

రెండో మంగళవారం రెండు డబ్బాలు కొట్టింది. ఆ శుక్రవారం నల్లులు కత్తిరింపుబల్ల ఎక్కాయి. మూడో మంగళవారం కిరసనాయిలు, సలసల మరిగే నీళ్ళు, ఆ పైన తిట్లు. ఆ శుక్రవారం ఇంకా ఎక్కువ. మెడ చుట్టూ టేపు వేసుకుని, కొలత చూస్తున్నట్టు నటిస్తూ వీపు గోక్కోవడం ఆవిడకు బాగా అలవాటైంది. కుట్టిన ప్రతి గలీబునూ కిటికీ దగ్గర వెలుగులో తిరగేసి చూసి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి కట్టేది. అయినా నిద్ర పట్టేది కాదు.

నాలుగో శుక్రవారం చేతులెత్తేసింది. "ఇక మనవల్ల కాదు. పని తెలిసినవాణ్ణి పిలవాలి."

"నంబరుంది," అన్నాడు మొగుడు వెంటనే.

"మీకెక్కడిది?"

"అది మాత్రం అడక్కు," అన్నాడు ఆయన హుందాగా.

జనం పురుగుల డాక్టరు అని పిలిచే ఆ మనిషికి టైలరమ్మ ఫోనులోనే షరతులు పెట్టింది. కంపెనీ చొక్కా వేసుకోకూడదు, మందు పంపు చేత పట్టుకోకూడదు, ప్యాంటు కుట్టించుకోవడానికి వచ్చినవాడిలా రావాలి. అవతలివైపు ఒక నిట్టూర్పు వినిపించింది. ఇలాంటివి ఆయనకు అలవాటే కాబోలు.

శనివారం వచ్చాడు. పొట్ట ముందూ ఆయన వెనకా. జుట్టు అప్పుడే కత్తిరించినట్టుంది, చెవులు మాత్రం మిగిలాయి. ఎక్కడో ఎరిగిన క్రీము వాసన కూడా వేస్తున్నాడు. టైలరమ్మ వీధిలోంచి చూసేవాళ్ళ కోసం ఆయన నడుముకు టేపు చుట్టింది.

"నలభై రెండు."

"ముప్పై ఎనిమిది," అన్నాడాయన వంగి కుర్చీ అడుగున టార్చి వేస్తూ. "మీ నల్లుల సంగతి నేనెక్కడా అననమ్మా. నా నడుము సంగతి మీరు అనకండి. ఏ రోజు ఎక్కువ కనిపిస్తాయి?"

"శుక్రవారం."

"మీరు మందు కొట్టేది?"

"మంగళవారం."

ఆయన కళ్ళు మూసుకుని, నవ్వు ఆపుకోవడానికి కింది పెదవి కొరుక్కున్నాడు. తర్వాత గోడ మీది స్విచ్చుబోర్డు మూత ఊడదీశాడు. కరెంటు తీగలు అటుపక్కకు వెళ్ళే కన్నం చుట్టూ మిరియాలు చల్లినట్టు నల్లటి చుక్కలు.

"ఇదీ వీటి బస్టాండు. మీరు డబ్బాతో కొడితే కళ్ళెదుట ఉన్నది చస్తుంది. మిగతావి ఆ ఘాటుకి పక్కకు పోతాయి. గుడ్లకైతే ఏమీ కాదు, హాయిగా నిద్రపోతాయి."

"పక్కకంటే?"

ఆయన గోడ మీద వేలితో టకటకా కొట్టాడు.

టైలరమ్మకు మొదట కలిగింది సంతోషమే, అబద్ధమెందుకు. నాలుగు వారాలుగా తనే ఆడపడుచు కొత్త సోఫాలోకి నల్లుల్ని తోలుతోందన్నమాట. ఆ సంతోషం రెండు నిమిషాలు కూడా నిలవలేదు. ఒకప్పుడు ఈ రెండు షాపులూ కలిపి ఆడపడుచు సెలూనే. వదిన ఇంట్లో మూలన కూర్చుని కుడుతుంటే చూడలేక సగం చోటు ఇచ్చి, మధ్యలో గోడ కట్టించింది ఆవిడే. ఆ గోడలోంచే నల్లుల్ని పంపింది తను. టైలరమ్మకు సిగ్గేసింది, కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి.

"రెండువైపులా ఒకే రోజు చెయ్యాలి. లేదంటే నేను పంపు ముట్టను," అన్నాడు డాక్టరు. "మొదటిసారి కనిపిస్తే మీరే దులుపుకోండి, కడుక్కోండి, కాదనను. రెండోసారీ వచ్చాయంటే ఎక్కడినుంచో వస్తున్నాయని అర్థం. ఆ ఎక్కడినుంచో కనిపెట్టడానికే మేమున్నది. నాలుగోసారి దాకా ఆగే మీలాంటివాళ్ళ వల్ల నా పిల్లల చదువులు సాగుతున్నాయి, సంతోషమే."

"మరి గలీబులు?"

"ఒక్క కుట్టులో నాలుగు గుడ్లు చాలమ్మా, హోటలంతా పాకడానికి. ఎవరినైనా పిలిచి ప్రతి కుట్టూ కాలే ఇస్త్రీపెట్టెతో అదిమించండి. అప్పటిదాకా ఒక్కటి కూడా గడప దాటకూడదు."

టైలరమ్మ ఉరికంబం ఎక్కుతున్నట్టు సెలూను మెట్లెక్కింది. ఆడపడుచు ఖాళీ కుర్చీ తుడుస్తోంది. వదినను చూసి ఆవిడ మొహం పాలిపోయింది.

"నీకొక సంగతి చెప్పాలి," అంది టైలరమ్మ.

"నేనే వద్దామనుకుంటున్నా వదినా. నీ ముందు ఎలా తలెత్తుకోవాలో తెలియడం లేదు." ఆడపడుచు తుడిచేగుడ్డ నలుపుతూ నిలబడింది. "సోఫాలో నల్లులు పడ్డాయి. నెలరోజులుగా మందు కొడుతున్నా. పొద్దున జుట్టు కత్తిరించుకునేవాడిలా ఒకాయన్ని పిలిపించా. అవన్నీ నీ దగ్గరికే పోయాయంటాడు."

టైలరమ్మ నోరు వెళ్ళబెట్టింది. "నువ్వు ఏ రోజు కొట్టావు?"

"గురువారం. నీకు సెలవు కదా, వాసన తెలియదని..."

"ఎవరు చెప్పారు?"

ఇద్దరూ ఒకేసారి వీధిలోకి చూశారు. షాపుల ముందు షెడ్డు కింద కూర్చుని టైలరమ్మ మొగుడు నిమ్మకు నీరెత్తినట్టు పేపరు చదువుకుంటున్నాడు.

విచారణ ఎంతోసేపు పట్టలేదు. "నువ్వు దానికి చెప్పొద్దన్నావు. ఇది నీకు చెప్పొద్దంది," అన్నాడాయన, పేపరు మడిచి. "నేనెవరికీ చెప్పలేదు. ఇద్దరికీ చెరో రోజు చూసిపెట్టా, ఒకే కొట్లో మందు కొనిచ్చా. ఇందులో నా తప్పేముంది?"

ఆ మాటకు సమాధానంగా ఇద్దరూ ఏమన్నారో ఇక్కడ రాయడం బాగుండదు. ఆయన తల్లిదండ్రుల దాకా వెళ్ళిందని మాత్రం చెప్పొచ్చు. చివరికి తీర్పు ఇది: నాలుగు వందల గలీబులూ, నాలుగేసి కుట్లూ, ఇస్త్రీ ఆయనే చెయ్యాలి. చచ్చేదాకా ఇంకెవరి గుట్టూ కడుపులో దాచకూడదు.

మిగిలింది మేనేజరమ్మ. "మిషను పాడైందని చెప్పు వదినా," అంది ఆడపడుచు.

"దాచి దాచే ఇంతదాకా తెచ్చుకున్నాం," అంది టైలరమ్మ. ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పింది. నల్లులు పడ్డాయి, మందు కొట్టిస్తున్నాం, ప్రతి కుట్టుకూ వేడి ఇస్త్రీ పట్టించి ఇస్తాం, నాలుగు రోజులు ఆలస్యం.

"ఆలోచించి చెప్తాను," అని మేనేజరమ్మ ఫోను పెట్టేసింది.

ఆర్డరు పోయిందనే టైలరమ్మ అనుకుంది. సోమవారం డాక్టరు కంపెనీ చొక్కా వేసుకుని, పంపు భుజాన పెట్టుకుని, పట్టపగలు రెండు షాపులకూ మందు పట్టించాడు. రెండు వారాలాగి మళ్ళీ వస్తానన్నాడు. వీధి వీధంతా చూసింది. టైలరమ్మ తల దించుకోలేదు గానీ తిండి మాత్రం సయించలేదు.

గురువారం పదకొండింటికి మేనేజరమ్మ కారు దిగింది. సెలవైనా టైలరమ్మ లోపల గలీబులు లెక్కపెడుతూనే ఉంది. మేనేజరమ్మ లోపలికి రాకుండా అటూ ఇటూ చూసి, షెడ్డు కింద ఇస్త్రీ చేస్తున్న మొగుడి దగ్గరికి నడిచింది.

"గుట్టు దాచే మనిషని మీకు పేరుంది కదండీ," అంది మెల్లగా. "గలీబులు ఇవాళే తీసుకెళ్తాను, కర్టెన్లు కూడా మీ ఆవిడే కుట్టాలి. అంత నిజం చెప్పినవాళ్ళు నాకింతవరకూ తగల్లేదు. కాకపోతే మా రెండో అంతస్తులో కూడా... అవే. ఆ డాక్టరు నంబరు కావాలి. దయచేసి ఎవరికీ చెప్పకండి."

ఆ చివరి మాట వినగానే పాత అలవాటు కొద్దీ ఆయన ఛాతీ ఉబ్బింది. కడుపులో రాయి పడబోయింది. అంతలో తలెత్తి చూస్తే ఇటు గుమ్మంలో భార్య, అటు గుమ్మంలో చెల్లెలు, ఇద్దరి చేతుల్లో కత్తెరలు. ఆయన ఇస్త్రీపెట్టె పక్కన నిలబెట్టి, కిక్కిరిసిన బస్సులో చివరి సీటుకు వినిపించేలా స్టాపు పేర్లు అరిచిన ఆ గొంతు సవరించుకున్నాడు.

"ఇదిగో, హోటల్లో కూడా నల్లులేనట! డాక్టరు నంబరు అడుగుతున్నారు!"

వీధి ఆగిపోయింది. మేనేజరమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు. సెలూను కుర్చీలోంచి సగం జుట్టు కత్తిరించిన పెద్దమనిషి ఒకాయన తుండు కిందినుంచి చెయ్యెత్తి, ఆ నంబరేదో తనకూ కాస్త చెప్పమన్నాడు. ఇక దాచేదేముందని టైలరమ్మ మొగుడు అంకె తర్వాత అంకె అదే గొంతుతో చదివాడు. మేనేజరమ్మ ఫోనులో నొక్కుకుంది.

ఎదుటి మందులషాపు ఆయన చీటీ మీద రాసుకుంటూ, "చివరి రెండంకెలు మళ్ళీ చెప్పండి," అన్నాడు.